అడగడం తెలిసిన నిర్మాత

(ఫిల్మ్ సొసైటీలో సినిమా ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు దయచేసి ముందుకు రండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి.

ఇవాళ మనం చూడబోతున్న సినిమా ‘హీట్ అండ్ డస్ట్’. 1982లో చాలా భాగం మన హైదరాబాద్‌లోనే తీశారు. మామూలుగా ఇలాంటి చోట దర్శకుడి గురించి నాలుగు మాటలు చెప్పి సినిమా వేస్తారు. నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడు, నేను దర్శకుడి గురించి కాదు, నిర్మాత గురించి మాట్లాడతానన్నాను. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ నిర్మాత పేరు ఇస్మాయిల్ మర్చంట్.

నేను ముప్పై ఏళ్ళు ప్రొడక్షన్ మేనేజర్‌గా పనిచేశాను. కాల్‌షీట్లు, లొకేషన్ పర్మిషన్లు, రోజుకింత అని చేతికిచ్చే బేటాలు, భోజనాలు, ల్యాబ్ లెటర్లు, ఇవే నా జీవితం. మన దగ్గర నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు అనే అర్థం స్థిరపడిపోయింది. పొలం అమ్మి వచ్చినవాడో, వ్యాపారంలో సంపాదించి వచ్చినవాడో, ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి తెచ్చినవాడో. డబ్బు ఆయనది, సినిమా దర్శకుడిది, జనం హీరోవాళ్ళు. ఈ లెక్క తప్పని నాకు అనిపించింది ఇస్మాయిల్ మర్చంట్ గురించి తెలుసుకున్నాకే. ఆయన నలభైకి పైగా సినిమాలు తీశారు. చేతిలో సరిపడా డబ్బు ఉంచుకుని సినిమా మొదలుపెట్టిన సందర్భాలు మాత్రం ఆ జీవితంలో వెతికినా దొరకడం కష్టం. మరి ఎలా తీశారు? అడిగి తీశారు. అడగడం ఒక పని అని, దాన్ని నేర్చుకోవాలని, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని నమ్మిన మనిషి ఆయన.

1936 డిసెంబర్ 25న బొంబాయిలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు ఇస్మాయిల్ నూర్ మహమ్మద్ అబ్దుల్ రెహమాన్. మర్చంట్ అన్నది తర్వాత పెట్టుకున్న ఇంటిపేరు. తండ్రి బట్టల వ్యాపారి, బొంబాయి ముస్లిం లీగ్‌లో పెద్దమనిషి. 1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు లీగ్‌లోని చాలామంది పాకిస్తాన్ వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళలేదు. ఆ అల్లర్లన్నీ పదేళ్ళ పిల్లవాడు కళ్ళారా చూశాడు. అంతకు ముందే, తొమ్మిదేళ్ళ వయసులో, వేలమంది ఉన్న ఒక రాజకీయ సభలో వేదికెక్కి ప్రసంగించాడు. అంతమంది ముందు మాట తడబడకుండా నిలబడటం ఆ వయసులోనే అలవాటైందన్నమాట. తర్వాత బ్యాంకు మేనేజర్ల ముందు, రాజభవనాల యజమానుల ముందు నిలబడటానికి అదే పనికొచ్చిందని నా నమ్మకం.

సినిమా పిచ్చి ఎలా మొదలైందంటే, నటి నిమ్మి వాళ్ళకు పరిచయం. 1949లో ఆమె మొదటి సినిమా ‘బర్సాత్’ విడుదలైనప్పుడు, పన్నెండు పదమూడేళ్ళ ఇస్మాయిల్ ఆమెతో పాటు కారులో ఆ ఆటకు వెళ్ళాడు. జనం కారు మీద బంతిపూలు చల్లారు. ఆ పూల వాన జీవితాంతం మర్చిపోలేదని ఆయన చెప్పుకునేవారు.

సెయింట్ జేవియర్స్ కాలేజీలో చదువుతూ వెరైటీ షోలు పెట్టేవారు. సినిమా తారలను బతిమాలి రప్పించడం, టిక్కెట్లు అమ్మడం, హాలు మాట్లాడటం, చివరికి నాలుగు రూపాయలు మిగిల్చుకోవడం. అమెరికా వెళ్ళడానికి ఆ షోల డబ్బు కూడా ఆసరా అయింది. నిర్మాతగా ఆయన మొదటి పాఠశాల ఆ కాలేజీ హాలే అని నేననుకుంటాను. అక్కడే తెలిసింది, నువ్వు పాడలేకపోయినా పాడగలిగినవాణ్ణి స్టేజీ ఎక్కించగలవని.

1958లో న్యూయార్క్ వెళ్ళారు. ఇరవై ఒక్క ఏళ్ళ వయసు. న్యూయార్క్ యూనివర్సిటీలో ఎంబీఏ. ఖర్చుల కోసం ఐక్యరాజ్య సమితి కార్యాలయంలో కాగితాలు అందించే మెసెంజర్ ఉద్యోగం. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో మనవాళ్ళు చాలా తక్కువ. ఇప్పుడంటే విమానాశ్రయంలో దిగగానే ఎవరో ఒక పిన్ని కొడుకు కారు తీసుకుని వస్తాడు. అప్పుడు ఆ ఊళ్ళో ఒక భారతీయ విద్యార్థి అంటే ఒంటరి మనిషే. కానీ ఇస్మాయిల్ ఆ మెసెంజర్ ఉద్యోగాన్ని ఎలా చూశారో గమనించండి. సంచిలో ఆఫీసు కాగితాలతో పాటు తన సినిమా ప్రాజెక్టుల ఫైలు కూడా పెట్టుకునేవారు. కవరు అందించిన చేత్తోనే భారత ప్రతినిధులకు ఆ ఫైలు చూపించి, పెట్టుబడి పెడతారా అని అడిగేవారు. ఎవరూ పెట్టలేదు. ఆయన ఆపలేదు.

చివరికి ఒక చిన్న సినిమా తీశారు, ‘ది క్రియేషన్ ఆఫ్ ఉమన్’. స్త్రీ పుట్టుక గురించిన మన పురాగాథకు నృత్యరూపం. నిడివి పావుగంట కూడా లేదు. అది 1961లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది, కాన్ చిత్రోత్సవంలోనూ చూపించారు. దేశం వదిలి మూడేళ్ళు కాలేదు. స్టూడియో వెనక లేదు, చుట్టం లేడు, సిఫారసు లేదు.

ఆ రోజుల్లోనే న్యూయార్క్‌లోని భారత కాన్సులేట్‌లో ఒక డాక్యుమెంటరీ వేశారు. మన సూక్ష్మ చిత్రకళ మీద తీసినది. తీసినతను కాలిఫోర్నియాలో పుట్టి ఆరెగన్‌లో పెరిగిన అమెరికన్, జేమ్స్ ఐవరీ. అప్పటికి మన దేశపు బొమ్మలను ప్రేమించినవాడే తప్ప సినిమా రంగంలో పేరున్నవాడు కాదు. ఇస్మాయిల్ అతన్ని పలకరించి కాఫీకి తీసుకెళ్ళారు. 1961లో ఇద్దరూ కలిసి ‘మర్చంట్ ఐవరీ ప్రొడక్షన్స్’ పెట్టారు. ఇండియాలో ఇంగ్లీషు సినిమాలు తీసి ప్రపంచమంతా చూపించాలన్నది వాళ్ళ ఉద్దేశం. ఆ స్నేహం 2005లో ఇస్మాయిల్ పోయేదాకా సాగింది. పనిలోనూ జీవితంలోనూ ఒకరికొకరు తోడు. ఐవరీగారు తర్వాతి కాలంలో ఆ బంధం గురించి మరుగు లేకుండా మాట్లాడారు కనుక నేనూ అలాగే చెబుతున్నాను.

మూడో మనిషి రూత్ ప్రవర్ ఝాబ్‌వాలా. జర్మనీలోని కొలోన్‌లో యూదు కుటుంబంలో పుట్టి, 1939లో నాజీల బారి నుంచి తప్పించుకుని ఇంగ్లండ్ చేరి, పార్సీ ఆర్కిటెక్టును పెళ్ళాడి ఢిల్లీలో కాపురం పెట్టిన నవలా రచయిత్రి. ఆమె రాసిన ‘ది హౌస్‌హోల్డర్’ సినిమా తీద్దామని ఇద్దరూ ఢిల్లీ వచ్చి ఫోన్ చేశారు. సినిమావాళ్ళతో మాట్లాడటం ఆమెకు ఇష్టం లేదు. ఫోన్ ఎత్తి తన అత్తగారి లాగా మాట్లాడింది. అయినా వదల్లేదు, కలిశారు. నాకు స్క్రీన్‌ప్లే రాయడం రాదు అన్నది ఆమె. దానికేముంది, నేనూ ఇంతవరకు పెద్ద సినిమా నిర్మించలేదు, జిమ్ (అంటే జేమ్స్ ఐవరీ) కూడా ఎప్పుడూ కథాచిత్రం డైరెక్ట్ చేయలేదు అన్నారట ఇస్మాయిల్. ఈ జవాబు నాకు చాలా ఇష్టం. మనం ఎదుటివాళ్ళను పనిలోకి పిలిచేటప్పుడు మన గొప్పలు చెప్పుకుంటాం. ఆయన తమకు ఏది రాదో చెప్పి పిలిచారు. ఆమె వచ్చింది. దాదాపు నలభై ఏళ్ళు వాళ్ళకే రాసింది.

ఇప్పుడు ఒక విషయం కాస్త నిదానంగా చెబుతాను. ఇది మా ప్రొడక్షన్ వాళ్ళకు పాఠం లాంటిది.

అప్పట్లో మన విదేశీ మారక నిబంధనలు చాలా కఠినం. హాలీవుడ్ కంపెనీల సినిమాలు ఇక్కడ ఆడేవి, డబ్బు వచ్చేది. కానీ వచ్చినదంతా డాలర్లుగా మార్చి పట్టుకుపోవడానికి వీల్లేదు. ఆ రూపాయలు ఇక్కడి బ్యాంకుల్లోనే పడి ఉండేవి. కంపెనీకి అవి ఉన్నా లేనట్టే. ఇస్మాయిల్ కన్ను వాటి మీద పడింది. ‘ది హౌస్‌హోల్డర్’ పూర్తయ్యాక కొలంబియా కంపెనీ దగ్గరికి వెళ్ళి, మీరు డాలర్లు ఇవ్వక్కర్లేదు, ఇండియాలో ఇరుక్కున్న రూపాయలు ఇవ్వండి చాలు అన్నారు. కంపెనీకి ఎందుకూ కొరగాని డబ్బు. పైగా చేతికి ఒక సినిమా వస్తుంది. సరేనన్నారు. అయితే ఆ రూపాయలను ఇస్మాయిల్ కూడా బయటికి తీసుకుపోలేరు. కనుక అవే రూపాయలతో ఇక్కడే ఇంకో సినిమా మొదలుపెట్టారు! రెండు దేశాల మధ్య నిలబడ్డవాడికే ఈ దారి కనిపిస్తుంది. హాలీవుడ్‌లో కూర్చున్నవాడికి ఆ రూపాయల విలువ తెలియదు. బొంబాయిలో కూర్చున్నవాడికి హాలీవుడ్ ఆఫీసు తలుపు తెలియదు. ఆయనకు రెండూ తెలుసు.

ఆ మొదటి సినిమా వెనక ఇంకో పెద్ద చెయ్యి ఉంది. సత్యజిత్ రాయ్. తన కెమెరామన్ సుబ్రతా మిత్రాను వాళ్ళకు ఇచ్చారు. సినిమా తయారయ్యాక కలకత్తా తీసుకెళ్ళి చూపిస్తే, పొడుగైందని గ్రహించి, తన ఎడిటర్‌తో కూర్చుని కొత్తగా కూర్చి ఇచ్చారు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి అడిగితే రాయ్ అంతటివాడు ఎందుకు చేశారు? అడిగినందుకే చేశారు. చాలామందిమి అడగం. ఆయన దగ్గరికి మనం ఎక్కడ వెళతాంలే అనుకుని గుమ్మం దగ్గరే ఆగిపోతాం.

ఇక్కడ మనవాళ్ళకు సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. ‘ది హౌస్‌హోల్డర్’లో శశికపూర్ పక్కన నటించినది లీలా నాయుడు. ఆమె తండ్రి పత్తిపాటి రామయ్య నాయుడు మన మదనపల్లెకు చెందిన భౌతిక శాస్త్రవేత్త. తల్లి ఫ్రెంచ్ వనిత. ఆ సినిమా దొరికితే చూడండి. కొత్తగా పెళ్ళయిన పిల్ల బెరుకు, ఉక్రోషం, చివరికి మొగుడి మీద కలిగే చనువు, ఎంత సహజంగా చేసిందో!

తర్వాత 1965లో ‘షేక్స్‌పియర్ వాలా’. ఊరూరా తిరిగి షేక్స్‌పియర్ నాటకాలు ఆడే ఇంగ్లీషు బృందం కథ. శశికపూర్ మామగారు జెఫ్రీ కెండల్ నిజంగానే అలాంటి బృందం నడిపారు, సినిమాలో ఆ కుటుంబమే నటించింది. రంగుల ఫిల్ముకు డబ్బు లేక నలుపు తెలుపులో తీశారు. సంగీతం సత్యజిత్ రాయ్. అందులో హిందీ సినిమా తారగా వేసిన మధుర్ జాఫ్రీకి బెర్లిన్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది.

ఆ సినిమా అమెరికాలో ఆడాలి. ప్రకటనలకు డబ్బు లేదు. ఇస్మాయిల్ ఏం చేశారో తెలుసా? న్యూయార్క్ టైమ్స్‌లో వంటల గురించి రాసే పెద్ద విలేఖరి దగ్గరికి వెళ్ళి, మా నటి అద్భుతంగా వండుతుంది, ఒకసారి తిని చూడండి అన్నారు. అతను తిన్నాడు, 1966లో ఆమె మీద వ్యాసం రాశాడు. సినిమా పేరూ అందులో వచ్చింది. ఆ వ్యాసం వల్లే మధుర్ జాఫ్రీ వంటల రచయిత్రిగా కొత్త జీవితం మొదలుపెట్టింది. భారతీయ వంట అంటే పాశ్చాత్య దేశాల్లో ఇవాళ మొదట చెప్పుకునే పేర్లలో ఆమెది ఒకటి. సినిమాకు నాలుగు టిక్కెట్లు తెగాలని చేసిన పని ఒక మనిషికి రెండో వృత్తినిచ్చింది.

వంట అనే మాట వచ్చింది కనుక ఇక్కడే చెబుతాను. ఇస్మాయిల్ స్వయంగా గొప్ప వంటగాడు. వంటల పుస్తకాలు కూడా రాశారు. షూటింగులో యూనిట్ మొత్తానికి తన చేత్తో పప్పు, కోడికూర వండి పెట్టేవారు. శుక్రవారం రాత్రి ఇస్మాయిల్ వండుతున్నారంటే లైట్‌మన్ నుంచి హీరోయిన్ దాకా అందరూ పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడేవారు. ఆంథొనీ హాప్కిన్స్, ఎమ్మా థాంప్సన్ వంటివాళ్ళు తిన్న భోజనం అది. మన యూనిట్లలో పనిచేసిన ఎవరినైనా అడగండి, మంచి ప్రొడక్షన్ అని దేన్ని అంటారో. భోజనం బాగా పెట్టిన ప్రొడక్షన్‌ని. పదహారు గంటలు నిలబడి పనిచేసిన మనిషి మధ్యాహ్నం ఇంత వేడి అన్నం, పప్పు, వేపుడు, పెరుగు కడుపు నిండా తింటే ఆ సినిమా తనదనుకుంటాడు. చల్లారిపోయిన పొట్లం చేతిలో పెడితే ఎంత డబ్బిచ్చినా అది కూలి పనే అవుతుంది. నేను ముప్పై ఏళ్ళు చూసి చెబుతున్న మాట ఇది. ఎక్కడో ఇంగ్లండ్ పల్లెటూళ్ళో, చలిలో, బొంబాయి మనిషి వండిన పప్పు తింటూ ఆ తెల్లవాళ్ళు కూడా అలాగే అనుకుని ఉంటారు.

డెబ్బైల్లో తీసిన వాటి మీద నేను ఎక్కువసేపు ఆగను. కొన్ని బాగున్నాయి, కొన్ని నిలవలేదు. 1975లో రూత్ కూడా న్యూయార్క్ వచ్చేసింది. ముగ్గురూ ఒకే భవనంలో వేరువేరు వాటాల్లో ఉండేవారు. నేను భారతీయ ముస్లింను, ఆమె జర్మన్ యూదురాలు, అతను అమెరికన్ ప్రొటెస్టెంట్ అని ఇస్మాయిల్ సంబరంగా చెప్పుకునేవారు. ఎక్కువ కాలం సాగిన స్వతంత్ర సినిమా భాగస్వామ్యం అని గిన్నిస్ పుస్తకం వాళ్ళ పేరు ఎక్కించింది.

ఇక మన హైదరాబాద్ సంగతి.

రూత్ రాసిన ‘హీట్ అండ్ డస్ట్’ నవలకు 1975లో బుకర్ బహుమతి వచ్చింది. కథ రెండు కాలాల్లో నడుస్తుంది. 1920ల్లో ఒక ఇంగ్లీషు అధికారి భార్య స్థానిక నవాబు ప్రేమలో పడుతుంది. అరవై ఏళ్ళ తర్వాత ఆ కుటుంబానికే చెందిన ఇంకో ఆడపిల్ల ఆమె జాడ వెతుక్కుంటూ వస్తుంది. నవాబు శశికపూర్. వెతుక్కుంటూ వచ్చే ఆమె జూలీ క్రిస్టీ. ఆమె పుట్టింది కూడా మన దేశంలోనే, అస్సాం తేయాకు తోటల్లో. తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ ఇందులో ఒక ముఖ్యమైన పాత్ర వేశారు. నవాబు తల్లి బేగంగా మధుర్ జాఫ్రీ. నవాబుల వాతావరణం కావాలి, బ్రిటిష్ కాలపు బంగళాలు కావాలి, రెండూ ఒకే ఊళ్ళో దొరకాలి. అందుకు హైదరాబాద్ కంటే మంచి చోటు ఏముంటుంది?

అయితే షూటింగ్ మధ్యలో డబ్బు అయిపోయింది. పెట్టుబడి పెడతామన్న చోట నుంచి రావలసినది రాలేదు. యూనిట్‌కి జీతాలు ఆగాయి. విదేశాల నుంచి వచ్చిన నటులు, టెక్నీషియన్లు, ఎండ, పరాయి ఊరు. ఇస్మాయిల్ ఒకవైపు లండన్‌కి ఫోన్లు చేస్తూ, ఇంకోవైపు ఇక్కడివాళ్ళకు సర్దిచెబుతూ షూటింగ్ ఆగకుండా నడిపించారు. కొత్త పెట్టుబడి దొరికాక గానీ సినిమా గట్టెక్కలేదు.

ఆ టెన్షన్ ఎలాంటిదో నాకు తెలుసు. చాలా ఏళ్ళ కిందట అరకులో ఔట్‌డోర్‌కి వెళ్ళాం. తొంభై మంది యూనిట్. నాలుగో రోజు నుంచి ఆఫీసు నుంచి డబ్బు రావడం ఆగిపోయింది. నిర్మాత ఫోన్ ఎత్తడం లేదు. హోటల్ అతను భోజనాలు ఆపేస్తానన్నాడు. బేటా అందని కుర్రాళ్ళు నా గది ముందు నిలబడ్డారు. ఆ రాత్రి నేను ఆ ఊళ్ళో ఒక కిరాణా కొట్టు యజమాని ఇంటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన బియ్యం, పప్పు, నూనె ఇచ్చాడు, ఇద్దరు వంటవాళ్ళను మాట్లాడి పెట్టాడు. తొమ్మిది రోజులు అలా నడిచింది. ఆయన బాకీ తీరడానికి నాకు ఏడాది పట్టింది. అప్పటి నుంచి అడగడం అంటే చెయ్యి చాపడం కాదని నాకు తెలుసు. అడిగే ముందు నిజం చెప్పాలి, అడిగాక మాట నిలబెట్టుకోవాలి.

అందుకే ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఇస్మాయిల్ సినిమాల్లో పనిచేసినవాళ్ళలో చాలామంది తమకు డబ్బు తక్కువ ముట్టిందని, ఆలస్యంగా ముట్టిందని చెప్పారు. అది నిజమే. కోట్ల డాలర్లు ఖర్చయినట్టు కనిపించే సినిమాను ఆయన అందులో చిన్న భాగంతో తీసేవారంటే, ఆ తేడాలో కొంత పనివాళ్ళ జేబు నుంచే వచ్చింది. కోపంతో వెళ్ళిపోయినవాళ్ళున్నారు. వెళ్ళిపోయి మళ్ళీ తర్వాతి సినిమాకు వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ సినిమాలు అందంగా వచ్చాయి కనుక ఆలస్యమైన జీతం ఒప్పయిపోదు. జీతం కోసం గది ముందు నిలబడ్డ కుర్రాళ్ళ మొహాలు చూసినవాణ్ణి కనుక నేను ఈ విషయంలో ఆయన్ని వెనకేసుకురాను. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా సరే.

‘హీట్ అండ్ డస్ట్’ తీసిన మూడేళ్ళకు కాలం తిరిగింది. ‘ఎ రూమ్ విత్ ఎ వ్యూ’. ఇ.ఎం. ఫార్‌స్టర్ నవల. ఫ్లారెన్స్‌లోనూ ఇంగ్లండ్‌లోని కెంట్‌లోనూ తీశారు. ఖర్చు సుమారు 30 లక్షల డాలర్లు. ఈ డబ్బు ఎలా చేరిందో మనవాళ్ళకు చెబితే వెంటనే అర్థమవుతుంది. మన నిర్మాత నైజాం హక్కులు ఒకరికి, సీడెడ్ అంటే రాయలసీమ హక్కులు ఒకరికి, ఆంధ్రవి ఒకరికి అమ్మి అడ్వాన్సులు తెచ్చుకుని సినిమా పూర్తి చేసినట్టే, ఆయన కొంత బ్రిటన్‌లోని ఒక కంపెనీ నుంచి, కొంత టీవీ ఛానెల్ నుంచి, కొంత అక్కడి ప్రభుత్వ ఫైనాన్స్ సంస్థ నుంచి, కొంత పంపిణీదారు నుంచి పోగుచేశారు. ఆ సినిమా ఒక్క అమెరికాలోనే రెండు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఎనిమిది ఆస్కార్ నామినేషన్లు, మూడు అవార్డులు. 1992లో ‘హోవార్డ్స్ ఎండ్’కు తొమ్మిది నామినేషన్లు, మళ్ళీ మూడు అవార్డులు. మరుసటి ఏడు ‘ది రిమెయిన్స్ ఆఫ్ ది డే’కు ఎనిమిది నామినేషన్లు. ఈ మూడు సినిమాలకూ ఉత్తమ చిత్రం విభాగంలో నిర్మాతగా ఇస్మాయిల్ పేరు ఉంది. రూత్‌కు రెండు ఆస్కార్‌లు వచ్చాయి. ఇస్మాయిల్‌కు ఒక్కటీ రాలేదు.

చాలామంది ప్రేక్షకులు మర్చంట్ ఐవరీ అంటే ఏదో పాత ఇంగ్లీషు కంపెనీ పేరనుకునేవారు. ఇంగ్లీషువాళ్ళ ఇళ్ళు, తోటలు, టీ కప్పులు, మనసులో మాట బయటికి చెప్పలేని వాళ్ళ మొహమాటం, వీటిని తెర మీద అంత నిజంగా చూపించిన ఆ ముగ్గురిలో ఒక్కరూ ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్ళు కారు. బయటి నుంచి వచ్చినవాడే ఇంట్లోవాళ్ళు గమనించడం మానేసిన వస్తువును చూస్తాడు. మీలో చాలామంది పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు. వాళ్ళు ఆ దేశాల గురించి చెప్పే చిన్న చిన్న విషయాలు వినండి, అక్కడే పుట్టినవాళ్ళు చెప్పలేనివి ఉంటాయి.

ఆస్కార్‌ల చుట్టూ తిరుగుతున్న ఆ రోజుల్లోనే ఇస్మాయిల్ భోపాల్ వచ్చి తాను దర్శకుడిగా ఒక సినిమా తీశారు, ‘ఇన్ కస్టడీ’. ఉర్దూ పేరు ‘ముహాఫిజ్’. అనితా దేశాయ్ నవల. వయసు మీదపడి, ఒళ్ళు బరువెక్కి, చుట్టూ పనికిమాలిన సావాసంలో కూరుకుపోయిన ఒక ఉర్దూ కవి, అతని కవిత్వాన్ని ఎలాగైనా కాపాడాలని వచ్చే ఒక పేద లెక్చరర్. కవి మళ్ళీ శశికపూరే. 1963లో కొత్త పెళ్ళికొడుకు, తర్వాత మన హైదరాబాద్‌లో నవాబు, ఇప్పుడు ముసలి కవి. ముప్పై ఏళ్ళ పాటు ఒక నటుడు తమ కళ్ళ ముందే పెద్దవాడవుతుంటే, ఆ వయసుకు తగిన పాత్ర వెతికి ఇచ్చారు. శశికపూర్‌కు ఆ పాత్రకు జాతీయ అవార్డుల్లో ప్రత్యేక జ్యూరీ గుర్తింపు వచ్చింది. నా వరకు ఇస్మాయిల్ మనసు తెలియాలంటే ఆ సినిమా చూడాలి. చిన్నప్పుడు ఇంట్లో విన్న ఉర్దూ మాసిపోతుంటే చూసి తట్టుకోలేని మనిషి తీసిన సినిమా అది.

1993లో లండన్‌లోని ఒక ల్యాబ్‌లో అగ్నిప్రమాదం జరిగి సత్యజిత్ రాయ్ సినిమాల నెగెటివ్‌లు కాలి దెబ్బతిన్నాయి. రాయ్ అప్పటికే పోయారు. మిగిలిన వాటి నుంచి ఆ సినిమాలను బాగుచేసే పనికి ఇస్మాయిల్, ఐవరీ పెట్టిన సంస్థ కూడా పూనుకుంది. 1995లో రాయ్ సినిమాలు తొమ్మిది అమెరికా థియేటర్లలో మళ్ళీ విడుదలయ్యాయి, మర్చంట్ ఐవరీ పేరు మీదే. ముప్పై ఏళ్ళ కిందట కలకత్తాలో ఇద్దరు కుర్రవాళ్ళ సినిమాను ముందేసుకుని కూర్చున్న ఆ పెద్దమనిషి రుణం అలా కొంత తీర్చారు.

2002లో మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 2005 మే 25న లండన్‌లో, ఆపరేషన్ తర్వాత ఇస్మాయిల్ కన్నుమూశారు. 68 ఏళ్ళు. షాంఘై నేపథ్యంలో తీసిన చివరి సినిమా విడుదల చూడలేదు. న్యూయార్క్‌లో ఇల్లుంది, లండన్‌లో ఇల్లుంది. అయినా దేహాన్ని బొంబాయి తీసుకొచ్చారు. మెరైన్ లైన్స్ దగ్గర బడా కబ్రస్తాన్‌లో, తనవాళ్ళ మధ్యనే పడుకున్నారు.

2018లో జేమ్స్ ఐవరీకి మొదటిసారి ఆస్కార్ వచ్చింది, స్క్రీన్‌ప్లేకు. అప్పటికి ఆయన వయసు 89. వేదిక మీద కర్ర ఊతంగా నిలబడి, ఇక లేని తన ఇద్దరు జీవిత సహచరుల పేర్లు చెప్పుకున్నారు. రూత్‌ను మా రచయిత్రి అన్నారు. ఇస్మాయిల్‌ను భయమెరుగని మా నిర్మాత అన్నారు.

సరే, లైట్లు ఆర్పమందాం. సినిమా రెండు గంటల పది నిమిషాలు. నవాబు దర్బారు సన్నివేశాలు వచ్చినప్పుడు గోడలు, మెట్లు, కిటికీలు కూడా చూడండి, మన ఊరివే. ఆ రోజుల్లో ఆ షూటింగులో పనిచేసినవాళ్ళు గానీ, వాళ్ళ పిల్లలు గానీ ఈ హాల్లో ఎవరైనా ఉంటే, సినిమా అయ్యాక వెళ్ళిపోకండి, బయట నన్ను కలవండి. మీ దగ్గర వినాల్సింది చాలా ఉంది.